నీళ్లు పడక కాదు, నీళ్లలో పడినదాని వల్ల: బెంగళూరులో పీజీలు నడిపే మన తెలుగు ఓనర్లకు బహిరంగ లేఖ

పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడిపే అన్నలకు, అక్కలకు, అంకుళ్లకు, ఆంటీలకు నమస్కారం.

నాది మదనపల్లె. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి ఆరేళ్ల క్రితం బెంగళూరు వచ్చాను, ఒక ల్యాబులో పని చేస్తున్నాను. ఈ ఆరేళ్లలో నాలుగు పీజీలు మారాను, నాలుగూ మనవాళ్లు నడిపేవే. మారతహళ్లి నుంచి బీటీఎం దాకా ఏ సందులోకి వెళ్లినా "ఆంధ్రా స్టైల్ ఫుడ్" అన్న బోర్డు కనబడితే చాలు, ఊళ్లో మా అమ్మానాన్నలకు సగం దిగులు తీరిపోతుంది. "మనవాళ్లదే కదా, తిండికి ఇబ్బంది ఉండదులే" అనుకుంటారు. ఆ నమ్మకం మీ మీద ఉంది కాబట్టే ఈ ఉత్తరం ఏ ఆఫీసుకో కాకుండా నేరుగా మీకే రాస్తున్నాను.

విషయం బేదులు. మొహమాటపడితే పని జరగదు కాబట్టి ఆ మాటే వాడుతున్నాను.

పోయిన వానాకాలం మా పీజీలో జరిగింది చెప్తాను. నా రూమ్మేట్ పాలమూరు వైపు అమ్మాయి, మొదటి ఉద్యోగం, వచ్చి పన్నెండు రోజులే అయింది. రాత్రి ఒంటిగంటన్నరకు మొదటిసారి బాత్రూమ్‌కి వెళ్లింది. నాలుగింటికల్లా ఎన్నిసార్లు వెళ్లిందో లెక్క మరిచిపోయాం. జ్వరం లేదు, రక్తం లేదు, కడుపునొప్పి కూడా పెద్దగా లేదు, ఊరికే నీళ్లు. తెల్లారి ఏడింటికి లైటు వేసి చూస్తే ఆ పిల్ల కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, గొంతు బొంగురుపోయింది, వేళ్ల చర్మం చూస్తే పొద్దస్తమానం బట్టలు ఉతికి నానిపోయిన చేతుల్లా ముడతలు పడిపోయింది. కడుపు మీద చర్మం చిటికెతో పట్టి వదిలాను. వెంటనే సర్దుకోవాల్సింది, అలాగే మడతపడి నిలబడిపోయి, మెల్లగా, చాలా మెల్లగా కిందికి దిగింది. నేను ఆ మాట పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను, పరీక్షలో రాశాను కూడా, కానీ మన మంచం మీద పడుకున్న మనిషి ఒంటి మీద చూస్తే కాళ్లూ చేతులూ ఆడవు.

కిందికి పరుగెత్తి చెప్తే రిసెప్షన్‌లో వచ్చిన సమాధానం: "ఊరు కొత్త కదమ్మా, నీళ్లు పడలేదు. రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుంది."

మధ్యాహ్నానికి మా ఫ్లోర్‌లోనే ఇంకో ముగ్గురు. అందులో ఒకమ్మాయి బెంగళూరు వచ్చి మూడేళ్లయింది, మరి ఆమెకు ఊరు కొత్త కాదు కదా.

ఆ "నీళ్లు పడలేదు" అన్న మాట మీద నాకు కోపం ఉంది, అయినా అందులో ఎంత నిజముందో అంతా ముందే ఒప్పుకుంటాను. కొత్త ఊరికి వెళ్లినవాళ్లకు బేదులు పట్టుకోవడం నిజమే, దానికి ఎక్కువగా కారణమయ్యేది ఈటీఈసీ అనే ఒక రకం ఈకోలి బ్యాక్టీరియా. ఒకే చోట ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల ఒంటికి అక్కడ తిరిగే రకాలు కొంత అలవాటై రక్షణ వస్తుంది, కొత్తవాళ్లకు అది ఉండదు. ఇంతవరకు సరే. కానీ ఆ పిల్లకు పడనిది కావేరి నీళ్లు కాదు, బోరు నీళ్లు కాదు. ఇంకొకరి మలంలోంచి ఆ నీళ్లలోకి చేరిన బ్యాక్టీరియా, అది తయారు చేసే విషం. ఊరు పాతదైనా కొత్తదైనా మనిషి మలం మనిషికి పడదు. ఇంత పచ్చిగా రాస్తున్నందుకు ఏమనుకోకండి, దీన్ని మెత్తగా చెప్పడం వల్లే మనం ఎప్పుడూ నీళ్ల మీదికి నెట్టేసి ఊరుకుంటున్నాం.

ఆ విషం లోపల ఏం చేస్తుందో ఒక్కసారి ఓపిగ్గా చదవండి, ఎందుకంటే అది అర్థమైతే మిమ్మల్ని నేను ఏం చేయమంటున్నానో, ఎందుకు చేయమంటున్నానో వేరే చెప్పక్కర్లేదు.

మన చిన్న పేగులోకి రోజూ సుమారు 8, 9 లీటర్ల ద్రవం వస్తుంది. మనం తాగేదీ తినేదీ కలిపితే అందులో 2 లీటర్లే. మిగతాదంతా ఒంట్లోంచే వస్తుంది, ఉమ్మి, జఠరరసం, పైత్యరసం, పేగు గోడలు సొంతంగా ఊరించేది. చివరికి మలంతో బయటికి పోయేది 100, 200 మిల్లీలీటర్లు. అంటే పేగు అన్ని లీటర్లు లోపలికి వదిలి, దాదాపు అన్నీ తిరిగి లాగేసుకుంటుంది. ఎంత పెద్ద పని అది! కాస్త లెక్క తప్పితే లీటర్లకు లీటర్లు పోతాయి.

మీ బిల్డింగుల్లో సంప్ (నేల కింది నీళ్ల తొట్టి) నుంచి పై ట్యాంకుకి నీళ్లెక్కించే మోటార్ ఉంటుంది, ట్యాంకు నిండగానే ఆగిపోయేలా ఆటోమేటిక్ కట్ పెట్టించుకుంటారు. పేగు కణంలో కూడా అలా ఆన్, ఆఫ్ అయ్యే ప్రోటీన్ ఒకటుంది, పేరు జీఎస్. అది ఆన్ అయితే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం తయారవుతుంది, అది పెరిగితే కణం అంచున ఉన్న సీఎఫ్‌టీఆర్ అనే గేటు తెరుచుకుంటుంది, ఆ గేట్లోంచి క్లోరైడ్ పేగులోకి పోతుంది, క్లోరైడ్ వెనకాలే సోడియం, ఆ ఉప్పు వెనకాలే నీళ్లు. మామూలుగా ఆ ప్రోటీన్ కాసేపటికి తనంతట తానే ఆఫ్ అయిపోతుంది. ముందు కలరా బ్యాక్టీరియా విషం సంగతి చెప్తాను, ఈటీఈసీ దగ్గరికి తర్వాత వస్తాను. కలరా విషం చేసేది ఆ ఆఫ్ అయ్యే గుణాన్ని పోగొట్టడం. విషంలో రెండు భాగాలుంటాయి. ఐదు ముక్కలు కలిసిన చక్రం లాంటిది ఒకటి, అది జీఎం1 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుని కణానికి అతుక్కుంటుంది. రెండోది లోపలికి దూరి ఆ ప్రోటీన్‌కి ఒక రసాయనపు ముక్క అంటిస్తుంది. అంతే, ఇక ఆఫ్ అవ్వదు. మోటార్ తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు పొర్లుతూనే ఉంటాయి, తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు దాకా పోతుంది.

నా రూమ్మేట్‌కి కలరా అని తేలలేదు. మలంలోని బ్యాక్టీరియాని ప్లేట్ మీద పెంచి చూసే కల్చర్‌లో ఏమీ రాలేదు, "మామూలు ఈకోలి" అని రిపోర్టు వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇది నా పని కాబట్టి నాకు తెలుసు: ఈటీఈసీ ప్లేట్ మీద చూడటానికి మన కడుపులో రోజూ ఉండే మంచి ఈకోలి లాగే ఉంటుంది. విషం చేసే జన్యువు ఉందా లేదా అని విడిగా వెతికితే తప్ప దొరకదు, మామూలు ల్యాబుల్లో అలా వెతకరు. అందుకే "రిపోర్టులో ఏమీ లేదు" అంటే ఏమీ లేదని కాదు. ఈటీఈసీ చేసే విషాల్లో ఒకటి కలరా విషానికి దగ్గరి చుట్టం, అదే ప్రోటీన్‌ని అదే రకంగా పాడు చేస్తుంది. ఇంకొకటి చాలా చిన్నది, వేడికి తట్టుకునేది, అది వేరే దారిలో సైక్లిక్ జీఎంపీని పెంచి చివరికి అదే గేటు తెరుస్తుంది. దారులు వేరు, పొర్లేది మాత్రం ఆ నీళ్లే.

ఈ కలరా విషాన్ని కనిపెట్టింది మన దేశంలోనే, ఈ సంగతి చాలామందికి తెలియదు, నాకు చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు కూడా. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తా వచ్చి కలరా బ్యాక్టీరియాని చూపించాడు, అది ఏదో విషం వదులుతుందని కూడా అనుమానించాడు. ఆ విషం కోసం డెబ్బై ఏళ్లకు పైగా వెతికారు, ఎక్కువమంది దాన్ని రక్తంలోకి ఎక్కించి చూశారు, దొరకలేదు. కలకత్తాలో శంభునాథ్ దే అనే పాథాలజిస్టు కుందేలు పేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడకట్టి, ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా చేసి ఆ కట్టిన పేగులోకి ఎక్కించాడు. పేగు నీళ్లతో ఉబ్బిపోయింది. విషం పని చేసేది రక్తంలో కాదు, పేగులోనే అని తేలింది. 1959లో ఆ పరిశోధన నేచర్ పత్రికలో వచ్చింది. ఆ మనిషికి బతికుండగా మన దేశంలో దక్కాల్సిన గౌరవం దక్కలేదు. ఆ ఒక్క ప్రయోగం మీద నిలబడ్డ వైద్యంతో ఇవాళ ఎంతమంది బతుకుతున్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

ఆ వైద్యం పని చేసేది ఎందుకంటే, ఈ విషం పేగుని కోసెయ్యదు, కాల్చదు. గోడ గోడలాగే ఉంటుంది. నీళ్లు వదిలే గేటు మాత్రమే తెరుచుకుపోయి ఉంటుంది, నీళ్లు లాగే ఇంకో దారి మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ దారిలో గ్లూకోజు, సోడియం చేతులు పట్టుకుని కలిసి లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. ఉత్త నీళ్లు తాగిస్తే పనికిరాదు, ఉత్త చక్కెర నీళ్లు ఇస్తే ఇంకా చేటు, ఉప్పూ చక్కెరా సరైన పాళ్లలో కలిస్తేనే ఆ తలుపు తీసుకుంటుంది. ఓఆర్ఎస్ అంటే ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులకు పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్‌లో కలరా సోకి, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి డ్రమ్ములకు కుళాయిలు పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. అంతకుముందు నూటికి ముప్ఫై మంది దాకా చనిపోతున్న చోట, నలుగురి కంటే తక్కువకు దిగింది. ఆయన 2022లో పోయారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు.

మరి మన పీజీ రిసెప్షన్‌లో ఏముంది? ఆ పొద్దున అడిగితే సోడా ఇచ్చారు, తర్వాత ఒక కూల్‌డ్రింక్ తెచ్చిపెట్టారు. మనసు మంచిదే, కాదనను. కానీ కూల్‌డ్రింకులో చక్కెర చాలా ఎక్కువ, ఉప్పు నామమాత్రం. ఆ చక్కెర పేగులో కూర్చుని ఒంట్లోంచి ఇంకా నీళ్లు లాగుతుంది. డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మిన తీపి డ్రింకుల గోల కూడా మీరు వినే ఉంటారు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని చెప్పింది. కొనేటప్పుడు పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. పొట్లం లేని అర్ధరాత్రి అయితే లీటరు కాచిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచాలు నిండుగా కాకుండా అంచుకు సమంగా గీసి. మీ వంటింట్లో గంజి వార్చే అలవాటుంటే ఆ గంజిలో చిటికెడు ఉప్పు వేసి ఇవ్వండి, మా అవ్వ అదే ఇచ్చేది, పిండిపదార్థం పేగులో గ్లూకోజుగా మారి అదే తలుపు తీస్తుంది. వాంతులవుతుంటే కూడా ఆపకుండా, గ్లాసు ఎత్తి గటగటా కాకుండా, రెండు నిమిషాలకొక చెంచా చొప్పున పట్టించాలి.

"రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుంది" అన్నది కూడా అబద్ధం కాదు. విషం పట్టిన కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోయి కొత్తవి వస్తాయి, బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది. అప్పటిదాకా మనిషి ఒంట్లో నీళ్లుండాలి, అదీ చూసుకోవాల్సింది. నా రూమ్మేట్‌ని మేము తొమ్మిదింటికి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం, మొదటి మూడు గంటల్లోనే సెలైన్ సీసాలు వరసగా ఎక్కించారు, మూత్రం సాయంత్రానికి గానీ రాలేదు, కిడ్నీలకు దెబ్బ తగులుతుందేమోనని రాత్రంతా టెన్షన్. మూడో రోజు ఇంటికి పంపారు. ఆ పిల్ల ఊరికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు, ఇంట్లోవాళ్లు పంపలేదు.

ఇక వంటగది. నీళ్లు ఒకదారి అయితే ఇది ఇంకోదారి, ఇందులో "వేడి చేసి పెట్టాం కదా" అన్న ధైర్యం మోసం చేస్తుంది.

రాత్రి మిగిలిన అన్నం పొద్దున చిత్రాన్నం అవుతుంది, పులిహోర అవుతుంది, సాయంత్రం ఫ్రైడ్ రైస్ అవుతుంది. అన్నం పారేయమని నేను అనను, రైతు ఇంట్లో పుట్టినదాన్ని, ఒక్క మెతుకు పారేయడం నాకూ ఇష్టముండదు. కానీ రాత్రి తొమ్మిదింటికి వండిన అన్నం పెద్ద గిన్నెలో మూత పెట్టి గట్టు మీదే పొద్దున దాకా వదిలేస్తే ఏమవుతుందో చూడండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాల్లాంటి రూపంలో ఉంటుంది, అన్నం ఉడికినా అవి చావవు. చుట్టూ మిగతావన్నీ చచ్చిపోయిన గోరువెచ్చని అన్నం, తేమ, పిండి, ఇక దానికి అడ్డెవరు? మొలకెత్తి పెరుగుతుంది. ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపు అవుతుందనుకుంటే ఎనిమిది గంటల్లో ఒక్క బ్యాక్టీరియా కాస్తా కోటీ అరవై ఏడు లక్షలు దాటుతుంది. అది సెరులైడ్ అనే విషం వదులుతుంది. మీరు పొద్దున నూనె కాచి పోపు వేసి అన్నం కలిపితే బ్యాక్టీరియా చస్తుందేమో గానీ ఆ విషం పోదు, 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా పోదని తేలింది. మన పొయ్యి దాన్ని ఏం చేయగలదు? తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలు.

చేతి పుండు సంగతీ అంతే. స్టెఫిలోకాకస్ అనేది చాలామంది ముక్కులో, చర్మం మీద ఉంటుంది, కూరగాయలు తరిగేటప్పుడు తెగిన వేలికి చీము పడితే అందులోనూ ఉంటుంది. ఆ చేత్తో ఉడికిన ఆలుగడ్డ పొట్టు తీసినా, పెరుగన్నం కలిపినా, ఆ గిన్నె గంటల తరబడి బయట ఉంటే అదీ విషం చేస్తుంది, అదీ మరిగించినా పోదు. మా పాత పీజీలో వంట చేసే అన్న బొటనవేలికి గుడ్డ కట్టుకుని వారం రోజులు పని చేయడం చూశాను. ఆయన తప్పు కాదు, సెలవు పెడితే జీతం కట్ అవుతుందని భయం. వేలు తెగినప్పుడు, బేదులైనప్పుడు ఆయనకు జీతంతో సెలవివ్వండి, కనీసం ఆ రెండ్రోజులు వంట కాకుండా వేరే పని చెప్పండి, చేతులు కడుక్కోవడానికి వంటింట్లోనే సబ్బు పెట్టండి.

ఆదివారం చికెన్ గురించి కూడా చెప్పాలి. యాభై మందికి వండిన పెద్ద డేగిసా నెమ్మదిగా చల్లారుతుంది, పైన చల్లగా తగిలినా నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్‌కి అదే కావాలి, గాలి తగలని వెచ్చని మాంసపు కూర. అది సోమవారం మధ్యాహ్నం బాక్సుల్లోకి వెళ్తే ఆ రాత్రికో మర్నాడు పొద్దునకో కడుపులో మెలిపెట్టి బేదులు. మిగిలింది వెంటనే లోతు తక్కువున్న వెడల్పు ట్రేలలోకి తీసి, చల్లార్చి, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపల పెట్టేస్తే సరిపోతుంది. వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీల పైన ఉంచాలి. మధ్యలో ఉన్న వెచ్చదనం అంతా బ్యాక్టీరియాకి వసతిగృహమే.

ఈ గంటల లెక్క మీరు గుర్తు పెట్టుకుంటే చాలా ఉపయోగం. భోజనం తర్వాత కొద్ది గంటల్లోనే పదిమందికి ఒకేసారి వాంతులైతే వంటింటి వైపు చూడండి. ఒకటి రెండు రోజుల తేడాతో ఒక్కొక్కరికి నీళ్ల బేదులు మొదలైతే సంప్ మూత తీయండి.

సంప్ మూత మా పీజీలో నేనే తీయించాను. పార్కింగ్‌లో బండ్ల కింద ఉంది, ఇనుప మూత, ఒక మూల తుప్పు పట్టి అరచేయంత కన్నం. దానికి మూడడుగుల దూరంలో డ్రైనేజీ చాంబర్. ముందు వారం కురిసిన వానకు ఆ చాంబర్ పొంగి పార్కింగ్ అంతా పారింది, వాచ్‌మన్ చీపురుతో తోశాడు, ఎటు తోశాడో ఆ నేల మీద చారికలు చూస్తే తెలిసింది. ట్యాంకర్ వచ్చినప్పుడు పైపు మూతి నేల మీద ఈడ్చుకొచ్చి అదే కన్నంలోంచి లోపల పెడతారు. నేను నీళ్లు ఒక చిన్న సీసాలో పట్టాను. మలంతో కలుషితమైన నీళ్లు పోస్తే నల్లబడే హెచ్‌టుఎస్ సీసా అది. మన దేశంలోనే గ్వాలియర్ శాస్త్రవేత్తలు తయారు చేసి 1982లో ప్రచురించిన పరీక్ష, పల్లెల్లో కూడా చేసుకోవచ్చు. మర్నాడు పొద్దునకల్లా సీసా తారులా నల్లబడింది. ఓనర్ అంకుల్ టేబుల్ మీద పెట్టాను. ఆయన దాన్ని చేత్తో ఎత్తి వెలుతురుకి పట్టి చూశారు, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా మనవరాలు కూడా ఇవే నీళ్లు తాగుతుందమ్మా" అన్నారు. సాయంత్రానికి సంప్ ఖాళీ చేయించి కడిగించారు, మూత మార్పించారు. ఆయన చెడ్డ మనిషి కాదు, ఆయనకు ఎవరూ ఆ సీసా చూపించలేదు, అంతే. అందుకే మీ అందరికీ చూపించినట్టు రాస్తున్నాను.

"ఆర్వో ఉంది కదా" అంటారు. ఆర్వో మెంబ్రేన్ బ్యాక్టీరియాని ఆపుతుంది, ఒప్పుకుంటాను. కానీ అందులోని కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ని కూడా తీసేస్తుంది, ఆ తర్వాత నీళ్లు నిలవుండే డబ్బా, కుళాయి, అందరూ ముంచే గ్లాసు, వీటిలో ఎక్కడ కలిసినా కాపాడేది ఇక ఏదీ లేదు. పైగా పళ్లు తోముకునేది, ప్లేట్లు కడిగేది, కొత్తిమీర కడిగేది సంప్ నీళ్లతోనే. కాబట్టి క్లోరిన్ సంప్‌లోనే ఉండాలి. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు, పది వేల లీటర్ల సంప్‌కి పాతిక గ్రాములు, బకెట్లో కలిపి తేరుకున్నాక పై నీళ్లు పోసి కనీసం అరగంట, వీలైతే గంట ఆగి మోటార్ వేయాలి. తర్వాత కుళాయి నీళ్లలో క్లోరిన్ మిగిలిందో లేదో ఓటీ చుక్కలు (క్లోరిన్ ఉందో లేదో చెప్పే మందు) వేసి చూడాలి, పసుపు రంగు రావాలి, లీటరుకి 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం. తాగేనీళ్లు 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈకోలి కూడా కనబడకూడదని అదే ప్రమాణం చెప్తుంది. నీళ్లు మురికిగా ఉంటే క్లోరిన్ ఆ మురికితోనే అయిపోతుంది, అప్పుడు ఎంత వేసినా పసుపు రాదు, ముందు కడగాల్సిందే.

2024 ఎండాకాలం గుర్తుందిగా, బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం రాత్రిళ్లు మేలుకున్నాం. ఆ ఏప్రిల్‌లోనే ఇదే ఊళ్లో ఒక మెడికల్ కాలేజీ హాస్టల్‌లో డజన్ల కొద్దీ పిల్లలు ఆసుపత్రిలో చేరారు, కొందరికి కలరా తేలింది. డాక్టర్లు కాబోయే పిల్లలకే తప్పలేదు. నీళ్లు తక్కువైనప్పుడే ఎక్కడివో ఎక్కడివో నీళ్లు కలుస్తాయి, చేతులు కడగడమూ తగ్గుతుంది.

పీజీ పిల్లల్లో ఇంకో సంగతి చూస్తున్నాను. టైముకి తిండి లేక, రాత్రి షిఫ్టుల వల్ల సగం మంది రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటారు. కడుపులో ఆమ్లం బ్యాక్టీరియాకి మొదటి కాపలా, ఆ మాత్ర దాన్నే తగ్గిస్తుంది. ఇది మీ తప్పు కాదు, కానీ మీ మెస్‌లో పొద్దున టిఫిన్ టైముకి ఉంటే కొంతమందికి ఆ మాత్ర అవసరం రాదు.

ఒక్క విషయంలో మాత్రం రిసెప్షన్‌లో ఉండేవాళ్లకు గట్టిగా చెప్పి ఉంచండి. బేదుల్లో రక్తం కనబడితే, జ్వరం ఉంటే, మెడికల్ షాపు నుంచి మోషన్స్ ఆపే మాత్ర తెచ్చి వేయకూడదు. షిగెల్లా, ఇంకొన్ని ఈకోలి రకాలు చేసే షిగా విషం వేరే రకం, అది గేటు తెరవదు, కణం ప్రోటీన్లు తయారు చేసుకునే యంత్రాన్నే విరిచేసి కణాన్ని చంపేస్తుంది, కిడ్నీల దాకా పోగలదు. పేగు కదలకుండా ఆపితే ఆ విషాన్ని లోపలే కట్టేసినట్టు. అలాంటి ఈకోలికి కొన్ని యాంటీబయాటిక్‌లు ఇస్తే విషం ఇంకా ఎక్కువ విడుదలవుతుంది కూడా. అక్కడ పని డాక్టరుది, మన పని ఓఆర్ఎస్ పట్టిస్తూ ఆసుపత్రికి చేర్చడం. నీళ్ల బేదులైనా సరే, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోతే, మనిషి మగతగా ఉంటే, నిలబడితే కళ్లు తిరిగితే తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా గేటు తాళం తీసి పంపండి. మేము వెళ్లింది పొద్దున తొమ్మిదింటికే అయినా మా రూమ్మేట్‌ని ఆ తాళం కోసమే నలభై నిమిషాలు కూర్చోబెట్టాం.

ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే దాచకండి. పేరు పోతుందని, ఖాళీ చేసి వెళ్లిపోతారని మీ భయం నాకు అర్థమవుతుంది, బ్యాంకు లోను మీద బిల్డింగ్ లీజుకు తీసుకుని నడిపేవాళ్లు మీలో ఎందరున్నారో నాకు తెలుసు. కానీ దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి ఆ రోజే చెప్తే వాళ్లు వచ్చి నీళ్లు పరీక్షిస్తారు, పక్క బిల్డింగులకూ చెప్తారు. ఒకే పైపు మీద, ఒకే ట్యాంకర్ మీద ఉన్న వీధి కదా. మా గ్రూపుల్లో పిల్లలు తిట్టుకుంటూ ఖాళీ చేసిన పీజీలు చూశాను. అవి బేదులు వచ్చినందుకు ఖాళీ అయినవి కాదు, వచ్చాయని చెప్పినా వినిపించుకోనందుకు ఖాళీ అయినవి.

నా దగ్గర ఓటీ చుక్కలున్నాయి, హెచ్‌టుఎస్ సీసాలు ఒక పాతిక కొన్నాను. ఆదివారాలు నాకు సెలవు. మారతహళ్లి చుట్టుపక్కల ఏ పీజీకి పిలిచినా వస్తాను, డబ్బులేమీ వద్దు, సంప్ మూత తీసే మనిషి ఒకరుంటే చాలు. దూరంగా ఉన్నవాళ్లు రేపు పొద్దున బండ్లు పక్కకు తీయించి ఆ మూత ఎత్తి, టార్చి వేసి లోపలికి ఒకసారి చూడండి, డ్రైనేజీ చాంబర్ ఎంత దూరంలో ఉందో అడుగులు వేసి కొలవండి. రిసెప్షన్ డ్రాయర్‌లో తాళంచెవుల పక్కన పది ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టండి.

ఇట్లు,
మీ పీజీల్లో ఆరేళ్లుగా తింటున్న మదనపల్లె అమ్మాయి